జాజు గుర్తు లేని చెక్కు

సూర్యాపేటలో దాణా కొట్టు నడిపే సుధాకర్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సెక్కి కోదాడ వెళ్లాలి, కొత్తగా మాట్లాడుకున్న మిల్లులో చెక్కు ఇవ్వాలి, తవుడు లారీకి ఎక్కించుకుని భోజనం వేళకు ఇంటికి చేరాలి. మామూలుగా అయితే చెక్కు లారీ డ్రైవర్ చేతికే ఇచ్చి పంపేవాడు. కానీ మిర్యాలగూడలో ఎవరో వ్యాపారి ఇచ్చిన చెక్కు మీది అంకెలు మందుతో కడిగేసి, కొత్త అంకెలు వేసి ఖాతా ఊడ్చేశారని విన్నప్పటి నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. తండ్రి బక్కయ్య పెట్టిన ఆ కొట్టు నుంచి వెళ్లిన చెక్కు ఇంతవరకు ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ పేరు తన చేతుల్లో పోకూడదని సుధాకర్ బెంగ.

బక్కయ్యకు బెంగ లేదు, ఉపాయం ఉంది. కొట్టు పెట్టకముందు ఆయన గొర్రెలు కాసేవాడు. ఎండాకాలం మందను సాగర్ కాలువ వెంట పెద్దవూర దాకా తోలుకుపోతే, నీళ్ల దగ్గర నాలుగూళ్ల మందలు కలిసిపోయేవి. అందుకని ఆయన భార్య మణెమ్మ ఎర్రటి జాజు మట్టి కలిపి, ప్రతి గొర్రె వీపు మీదా మూడు వేళ్లతో మూడు గీతలు గీసేది. సాయంత్రం గట్టు మీద నిలబడి ఆమె ఒక్క కేక వేస్తే, ఆ గీతలున్నవన్నీ బిలబిలమంటూ బయటికి వచ్చేవి. ఆ రోజులు ఎంత బాగుండేవని బక్కయ్య ఇప్పటికీ అంటాడు. మణెమ్మ పోయి చాలా కాలమైంది గానీ, ఆ జాజు పిడత ఇంకా అటక మీదే ఉంది.

సుధాకర్ స్నానం చేసి వచ్చేసరికి పిడత కిందికి దిగింది. రాసిపెట్టిన చెక్కు వెనక మూడు ఎర్రగీతలు తడితడిగా మెరుస్తున్నాయి.

"నాయినా! అది చెక్కు! బ్యాంకోళ్లు సూస్తే నవ్వుతరు."

"నవ్వనీ. మీ అమ్మ గుర్తు సూసి నవ్వినోడు ఇప్పటిదాంక లేడు."

అమ్మ పేరు వచ్చాక సుధాకర్ ఆ గీతలను అలాగే ఉండనిచ్చాడు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. తండ్రి పక్కన నిలబడి పోరు పెడుతుంటే మిల్లుకు ఫోన్ కూడా చేశాడు.

"అనసూయమ్మా, మా చెక్కు ఎనుక మూడు ఎర్రగీతలుంటయ్. అవి లేకుంట ఎవడన్న తెస్తే వాడు దొంగే. జర పోనియ్యకుండ్రి."

మిల్లు యజమానురాలు అనసూయ గట్టి మనిషి. "అలాగేనండీ, గేటు వేయించేస్తా," అంది. ఇద్దరికీ ఫోన్ పరిచయమే తప్ప ముఖపరిచయం లేదు.

ఈ సంగతులేవీ తెలియని సుధాకర్ భార్య లత, చెక్కును కవర్లో పెట్టబోతూ ఆ మరక చూసింది. మరక చెక్కు బ్యాంకులో చెల్లదు కదా అని తడిబట్టతో శుభ్రంగా తుడిచి, ఆరడానికి పైనుంచి ఇస్త్రీ కూడా చేసింది. మరకతోపాటు ముందువైపు అంకెలు కూడా సగం వెలిసిపోయాయి. మొగుడికి చెబుదామనుకుంది గానీ అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. సుధాకర్ కవరు జేబులో పెట్టుకుని, ఫోను కొట్లో ఛార్జింగులోనే వదిలేసి బస్సెక్కాడు.

కోదాడ మిల్లులో అనసూయ కవరు విప్పింది. అంకెలు కడిగినట్టున్నాయి. వెనక్కి తిప్పింది. గీతలు లేవు.

"కూర్చోండి బాబూ. టీ తాగండి," అంటూ హమాలీలకు సైగ చేసింది. గేటు మూతపడింది. ఎంత మర్యాద అనుకుంటూ సుధాకర్ టీ తాగాడు. మూతపడిన గేటు ముందు ఇద్దరు హమాలీలు చేతులు కట్టుకుని నిలబడ్డాకే అతనికి అనుమానం వచ్చింది.

"అమ్మా, నేనే సుధాకర్‌ను. ఇగో, నా ఆధార్ సూడుండ్రి."

"చెక్కునే కడిగినోడికి ఆధార్ కార్డొక లెక్కా?" అంటూ ఆమె సుధాకర్ నంబరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అవతల కొట్లో కూర్చున్న బక్కయ్య ఎత్తాడు.

"పెద్దాయనా, ఇక్కడొకడు మీ చెక్కు తెచ్చాడండీ. గీతలు లేవు."

"గీతలు లేకుంటే వాడు మావోడు కాదు బిడ్డా! నా చేతులతోని నేనే ఏసిన. కట్టెయ్యుండ్రి వాణ్ని!"

"నాయినా! నేను, సుధాకర్‌ను!"

"దొంగలందరు గట్లనే అంటరు!" బక్కయ్యకు చెవులు అంతంతమాత్రం, పైగా మిల్లు హోరు. కాసేపు ఆలోచించి, "సరే, మావోడివే అయితే చెప్పు. మీ అమ్మ మందను ఎట్ల పిలుస్తుండె?" అన్నాడు.

సుధాకర్ చుట్టూ చూశాడు. హమాలీలు, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు అందరూ చూస్తున్నారు. సిగ్గు చంపుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి గొంతెత్తాడు.

"తుర్ర్‌ర్... హోయ్ రా! నా తల్లులారా... హోయ్ హోయ్ రా!"

ఆ కేక మిల్లు హోరును కూడా దాటింది. గేటు సందులోంచి ఎవరిదో మేక తల పెట్టి చూసింది. సుధాకర్ ఫోను వైపు వంగాడు.

"నాయినా, ఇన్నవా?"

"ఇన్న బిడ్డా." అన్నాడు బక్కయ్య. "మల్లొక్కపారి పిలువు."

సుధాకర్ మళ్లీ పిలిచాడు. ఈసారి సిగ్గనిపించలేదు. కాలువ గట్టు, అమ్మ కొంగు, దుమ్ములో పరుగెత్తే మంద అన్నీ కళ్లముందుకొచ్చి కళ్లు చెమర్చాయి.

అనసూయ కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుని గేటు తీయించింది. "తవుడు ఎక్కించుకెళ్లండి. ఈ చెక్కు మాత్రం వద్దు. గీతల గొడవ లేకపోతే చూసుకోకుండా బ్యాంకులో వేసేసేదాన్ని, అది తిరిగొచ్చేది. మీ నాన్నగారు నిలబెట్టిన కొట్టు పేరు ఈరోజుతో పోయేది. కొత్తది పంపండి. ఇకనుంచి గీతలెందుకులెండి, ఆ కేక ఒక్కటి వినిపిస్తే చాలు, మీరేనని తెలిసిపోతుంది."

మర్నాడు కొత్త చెక్కు డ్రైవర్ చేతికిచ్చి పంపాడు సుధాకర్. అది నిజంగా అతనిదేనని రుజువు చేసుకోవడానికి అనసూయ ఆ కేక కోసం ఫోన్ చేసే సమయానికి అతను బ్యాంకులో, మేనేజరుకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు.