తొమ్మిదో నంబరు మిషను శీలపరీక్ష

మనిషి మాట నీటి మీద రాత. మిషను సంతకం మాత్రం నలభై అక్షరాలు. ఈ సత్యం మీదే మా నెవాడా ఎడారిలో నాగరికత నిలబడి ఉంది.

మా ఊరి సిల్వర్ మ్యూల్ కేసినోలో తొమ్మిదో నంబరు స్లాట్ మిషను ముందు లొరెట్టా హచిన్స్ పదకొండేళ్లుగా కూర్చుంటోంది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. కాఫీకి లేచినా, ఈ చోటు నాదేనన్న గుర్తుగా కుర్చీని మిషను మీదికి వాల్చి వెళుతుంది. అలా వాల్చిన కుర్చీని మా ఊళ్లో షెరీఫ్ కూడా ముట్టుకోడు. మొన్న మంగళవారం ఆమెకు ముప్ఫై ఎనిమిది వేల డాలర్లు తగిలాయి. మంచు పడేలోగా ఇంటికి కొత్త కప్పు వేయించుకోవచ్చని సంతోషం పట్టలేక బావురుమంది. పక్క మిషను దగ్గరున్న నాకూ కళ్లు చెమర్చాయి (నేను ఓడిపోతున్నాను కూడా).

పెద్ద గెలుపు వస్తే మిషను లోపలి ప్రోగ్రాం అసలుదేనా అని తేల్చాలి. తెర మీద కనిపించే దాని నలభై అక్షరాల ఎలక్ట్రానిక్ సంతకం సర్కారు జాబితాతో సరిపోవాలి. సంతకాల సరిచూపు శాఖ ఇన్‌స్పెక్టర్ డ్వైట్ ప్రూయిట్ జాబితాతో దిగాడు. చిన్నప్పుడు లొరెట్టా బస్సులోనే బడికెళ్లాడు.

"గుర్తింపు కార్డు చూపించండి మేడమ్."

"ఒరేయ్ డ్వైటూ, మూడో సీట్లో నువ్వు కక్కుకుంటే తుడిచింది నేనేరా!"

"అది రికార్డుల్లో లేదు మేడమ్."

తెర మీది మొదటి అక్షరమే తేడా వచ్చింది. నిబంధన ప్రకారం మిగతా ముప్ఫై తొమ్మిదీ చదివాడు. రెండు సరిపోయాయి. వాటికి శ్రద్ధగా టిక్కు పెట్టాడు.

మిషను తప్పేమీ లేదు. సోమవారం కొత్త ప్రోగ్రాం ఎక్కించారు, శాఖ ఆమోదించింది కూడా. జాబితా మాత్రం నెలకోసారే అచ్చవుతుంది, కొత్త సంతకం అందులోకి ఇంకా ఎక్కలేదు. కాగితానికీ మిషనుకూ పేచీ వస్తే కాగితానిదే గెలుపు (ఆ గెలుపుకు తనిఖీ లేదు).

"సంతకం కలవలేదు కాబట్టి మీ గెలుపు చెల్లదు మేడమ్."

లొరెట్టా కుర్చీ వాల్చి లేచింది. "మరి పదకొండేళ్లు నేను ఓడింది చెల్లిందా?"

"ఓటమికి తనిఖీ అక్కర్లేదండీ. దాన్ని ఇంతవరకూ ఎవరూ అనుమానించలేదు."

డబ్బిచ్చే భాగానికి డ్వైట్ ఎర్ర టేపు అంటించాడు. నోట్లు మింగే భాగానికి సంతకం వేరు. అదీ చదివాడు. అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది.

"ఇక మీరు ఆడుకోవచ్చు మేడమ్" అంటూ, వాల్చిన కుర్చీని మర్యాదగా ఆమె కోసం నిలబెట్టి వెళ్లాడు.