సాక్షికి వాటా లేదు

ఆ బుధవారం పొద్దున కీలీ హేవర్త్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లాలి. పదింటికి సొలిసిటరమ్మ మిసెస్ ఎంట్విసిల్ వెనకాల ఇంకర్మన్ వీధికి వెళ్లాలి. అక్కడ విన్నీ హార్‌గ్రీవ్స్ అనే ఎనభై ఆరేళ్ల ముసలామె తన వీలునామా మీద సంతకం పెడుతుంటే చూడాలి. చూశానని కింద తనూ సంతకం పెట్టాలి. మధ్యాహ్నానికి తిరిగొచ్చి శాండ్‌విచ్ తినాలి. ఇందులో తప్పు చేయడానికి చోటెక్కడుందో ఎవరైనా చెప్పమనండి.

తప్పు చేయకూడదన్న భయం మాత్రం ఆమెకు పీకలదాకా ఉంది. ఎందుకుండదు? ఆ ఇంగ్లీషువాళ్ల దేశంలో సొలిసిటర్, అంటే వీలునామాలూ దస్తావేజులూ చూసే వకీలు, కావాలంటే పరీక్షలు ప్యాసైతే చాలదు, ఎవరో ఒకరు రెండేళ్లు ట్రైనీగా పెట్టుకోవాలి. పెట్టుకోవాలంటే ముందే అనుభవం ఉండాలి. అనుభవం రావాలంటే ఎవరో ఒకరు పెట్టుకోవాలి. ఈ గానుగ కట్టిన పెద్దమనుషులెవరోగానీ, వాళ్ల పిల్లలెవరూ దాని చుట్టూ తిరగలేదు, అది ఖాయం. కీలీ తిరిగింది. అరవై ఏడు అప్లికేషన్లు పెట్టింది. 'న్యాయశాస్త్రం మీద మీకున్న తపనను రెండు వందల యాభై మాటల్లో వివరించండి' అన్న ప్రతివాడికీ, చేపలు వేయించే కొట్లో పని ముగించుకొచ్చి, నూనె వాసన వదలని వేళ్లతో వివరించింది. అరవై ఆరు చోట్ల నుంచి 'ఈ ఏడు పోటీ ఎక్కువగా ఉంది' అని ఒకే ఉత్తరం వచ్చింది. తపన లేనిది ఎవరికో ఆ ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది.

అరవై ఏడో చోటు డోరీన్ ఎంట్విసిల్ ఆఫీసు. థార్న్‌షా ఊళ్లో, చెప్పులు బాగుచేసే కొట్టు పైన, మూడు గదులు. "రెండు వారాలు వచ్చి పని చూడు. శుక్రవారం నా నిర్ణయం చెబుతా" అంది ఆవిడ. ఖాళీ ఒక్కటే. చూడటానికి వచ్చినవాళ్లు ఇద్దరు.

రెండోవాడు హ్యూగో పెంబర్టన్. తండ్రి జడ్జి, మేనమామ బారిస్టరు, తాతగారి నిలువెత్తు బొమ్మ ఏదో కోర్టు మెట్ల మీద వేలాడుతోంది. అతను రెండు వందల యాభై మాటలు రాస్తే చదివినవాళ్ల కళ్లు చెమర్చేవి. మనిషి చెడ్డవాడు కాడు. చెడ్డవాడు కావలసిన అవసరం అతనికెప్పుడూ రాలేదు.

తొమ్మిదిన్నరకు ఎంట్విసిల్ కోటు తొడుక్కుంటూ బయటికొచ్చింది. "కీలీ, పోలీసు స్టేషను నుంచి పిలుపొచ్చింది. మన క్లయింటొకాయన బస్సుకు అడ్డంగా పడుకుని లేవనంటున్నాడట. విన్నీకి రేపు తుంటి ఆపరేషను, ఇవాళ సంతకం అయితీరాలి. నువ్వే వెళ్లు. నువ్వొక సాక్షివి. రెండో సాక్షికి ఇరుగుపొరుగు ఎవరినైనా పిలువు. వీలునామాలో పేరున్నవాళ్లు మాత్రం వద్దు. సాక్షిగా సంతకం పెడితే వాళ్లకు రాసింది వాళ్లకు దక్కదు. ఇంకోమాట. ఎవరికేం రాసిందో ఒక్క ముక్క బయటికి పొక్కిందంటే మనం శుక్రవారం దాకా ఆగక్కర్లేదు."

విన్నీ ముందుగదిలోనే మంచం వేయించుకుని పడుకుని ఉంది. "డోరీన్ రాలేదా? పోనీలే. నువ్వు అసలు తిండి తింటావా తల్లీ? సరే, పోయి ఆ రెండో సాక్షి ఎవరో పట్టుకురా" అంది.

కీలీ పక్కింటి తలుపు తట్టింది. జుట్టు ఉంగరాలు తిరగడానికి గొట్టాలు చుట్టుకున్న ఒకావిడ తీసింది.

"విన్నీ గారి వీలునామాకు సాక్షి సంతకం కావాలండీ. మీ పేరు?"

"మోరీన్ పిలింగ్. ఉండు, కళ్లజోడు తెచ్చుకుంటా."

కీలీ కాగితం వంక చూసింది. మోరీన్ పిలింగ్‌కు కుట్టుమిషను. "అయ్యో, వద్దండీ. మీరు పనికిరారు."

"పనికిరానా? నాకు సంతకం రాదనుకున్నావా ఏంటి?"

"అది కాదండీ. కారణం చెప్పకూడదు."

మోరీన్ కళ్లు ముందు చిన్నవయ్యాయి, తరవాత సాసర్లంత అయ్యాయి. "మా అక్క బెరిల్ ఇలాగే మా అత్త వీలునామాకు సాక్షి సంతకం గీకి పియానో పోగొట్టుకుంది. పనికిరానంటే... విన్నీ నాకేదో రాసింది! కుట్టుమిషనే కదూ? వద్దొద్దు, చెప్పకు. నీ మొహమే చెబుతోంది."

ఇన్నేళ్ల చదువులో మొహం ఎక్కడ దాచుకోవాలో కీలీకి ఒక్కరూ నేర్పలేదు. ఆమె గబగబా రోడ్డు దాటి ఎదురింటికి వెళ్లింది. ఇక్కడ ముందు పేరడిగింది, కాగితం రెండుసార్లు చూసింది. బారీ డకెట్, రిటైరైన బస్సు డ్రైవరు. కాగితంలో ఎక్కడా లేడు. ఆ సంతోషంలో నోరు జారింది. "మీరు సరిగ్గా సరిపోతారండీ!"

బారీ ఒక కాలికి బూటు తొడుక్కున్నాడు. రెండోది తొడుక్కునేలోగా అవతలి మెట్టు మీంచి మోరీన్ కేకేసింది. "బారీ! సరిపోతావందా? అయ్యో నాయనా! సరిపోయావంటే నీకేమీ రాయలేదన్నమాట!"

బారీ ఒంటి బూటుతో అలాగే నిలబడిపోయాడు. "పదకొండేళ్లు" అన్నాడు చివరికి. "పదకొండేళ్లుగా ప్రతి మంగళవారం ఆవిడ చెత్త డబ్బా వెనకసందులోంచి ముందుకు లాగిపెడుతున్నా. మంచులో, వానలో. నడుం పట్టేసినప్పుడు కూడా. నాకేదో కావాలని కాదు పిల్లా. ఒక టీ కప్పు రాసినా చాలు. ఏమీ రాయలేదు సరే, రాయలేదని నా చేతే సంతకం పెట్టిస్తారా?"

తలుపు వేసుకున్నాడు. చట్టప్రకారం చూస్తే ఆయనకు జరిగిన అన్యాయమేమీ లేదు. చట్టం ఏనాడూ చెత్త డబ్బా లాగలేదు కాబట్టి దానికి ఆ సంగతి తెలియదు.

ఈలోగా వీధి వీధంతా మెట్ల మీదికొచ్చింది. కీలీ చుట్టూ జనం.

"నన్నడుగు! నేను పనికొస్తానా?"

"నాకు చూపు ఆనదు. నేనెలాగూ పనికిరాను కదూ?"

మూల కొట్టు షకీల్ ఆమె చెవి దగ్గరికొచ్చాడు. "పనికిరానని గట్టిగా చెప్పు తల్లీ. మా ఆవిడ చూస్తోంది."

కీలీ విన్నీ ఇంటి గోడచాటుకు పోయి ఆఫీసుకు ఫోన్ చేసింది. హ్యూగో ఎత్తాడు. అంతా విని, తాపీగా ఆలోచించి చెప్పాడు. "చూడు, కొందరిని అవునని, కొందరిని కాదని అంటేనే గుట్టు తెలిసిపోతుంది. అందరికీ ఒకటే చెప్పు. వీధిలో ఎవరూ పనికిరారని. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు."

పరీక్షలో రాస్తే పూర్తి మార్కులు పడే జవాబు అది. కీలీ మెట్టెక్కి గొంతు సవరించుకుంది. "ఇంకర్మన్ వీధిలో ఎవరూ సాక్షిగా పనికిరారు. ఒక్కరు కూడా. దయచేసి ఇళ్లకు వెళ్లండి."

వీధి చివరిదాకా ఒకటే కేరింత. ఇరవై రెండు ఇళ్లు. ప్రతి ఇంటికీ వాటా!

వెళ్లమన్నందుకు ఇళ్లకు వెళ్లారు, నిజమే. అరగంటలో చేతినిండా తిండితో తిరిగొచ్చారు. మాంసమూ బంగాళాదుంపా కూరి కాల్చిన రొట్టె, అల్లం కేకు, షకీల్ భార్య చేసిన వేడివేడి సమోసాలు. విన్నీ ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. కారు నిలిపే చోటు దగ్గర తగువు పడి ఇరవై ఏళ్లుగా విన్నీతో మాట్లాడని నార్మన్ అనే ఆయన కూడా మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని విన్నీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటిదంతా?" అంది విన్నీ. "డాక్టరు నాకు చెప్పనిది మీకేమైనా చెప్పాడా? నార్మన్, కళ్లెందుకు తుడుచుకుంటున్నావు? నాకు అరిగింది తుంటి!"

"నీ మంచి మనసు తలుచుకుని, విన్నీ."

"నా మనసు సంగతి నీకెవరు చెప్పారు? ఏయ్ పిల్లా, ఏం జరిగిందో నువ్వు చెప్పు."

కీలీ ఒక అడుగు ముందుకేసింది. "నేను ఎవరికీ ఏమీ చెప్పలేదండీ. అందరికీ తెలిసిపోయింది. కొంత నిజం, చాలావరకు అబద్ధం. తప్పంతా నాదే."

విన్నీ గదినిండా ఒకసారి చూసింది. "ఇంతమందికి పంచడానికి నా ఇంట్లో చెంచాలు కూడా చాలవు. అది సరే, ఎప్పుడూ రానివాళ్లంతా వచ్చారు, బారీ ఏడి? ఎదురుగానే ఉంటాడుగా?"

కీలీ పెదవి కొరుక్కుంది. మోరీన్ ఎందుకు కొరుక్కుంటుంది? "అలిగాడు. పదకొండేళ్లు నీ చెత్త డబ్బా లాగితే నువ్వో టీ కప్పు కూడా రాయలేదని."

"చెత్త డబ్బానా?" విన్నీ దిండు మీంచి లేవబోయి, అబ్బా అని వెనక్కి వాలింది. "అది లాగేది ఊరి కౌన్సిల్ వాళ్లు కాదూ? ముసలిదాన్నని ప్రత్యేకంగా చేస్తున్నారనుకున్నానే! ప్రతి క్రిస్మస్‌కూ ఆ కౌన్సిలుకు కార్డు పంపుతున్నానే! ఒక్కసారైనా ఆ పని మాది కాదని చెప్పలేదు దొంగసచ్చినోళ్లు!"

షకీల్ పరుగెత్తాడు. బారీ వచ్చాడు, టోపీ చేతిలో నలుపుకుంటూ.

"ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా?"

"చెప్పేదేముంది విన్నీ? డబ్బా అది. లాగాను."

విన్నీ కీలీ వైపు తిరిగింది. చెయ్యి చాపింది. "ఆ కాగితం ఇటివ్వు పిల్లా." కీలీ ఇచ్చింది. విన్నీ దాన్ని నిలువునా రెండుగా చింపింది. "మా ఆయన పావురాల పందేలకు వాడిన గడియారం ఉంది. గాజు బీరువాలో పెట్టమని మ్యూజియానికి రాశాను. మ్యూజియం వాడు నాకేం చేశాడని? అది బారీది."

సరిగ్గా అప్పుడే ఎంట్విసిల్ గుమ్మంలోకొచ్చింది. వీధంతా గదిలో ఉంది. వీలునామా రెండు ముక్కలై దుప్పటి మీద ఉంది. తన ట్రైనీ కావలసిన పిల్ల మొహం సున్నంలా ఉంది.

"అందరూ బయటికి" అంది. తలుపు మూశాక కీలీ వైపు తిరిగింది. "మొదటి తలుపు నుంచి చెప్పు."

కీలీ ఒక్కటీ దాచలేదు, హ్యూగో సలహా మాత్రం తనదేనని చెప్పుకుంది. 'నేనే చెప్పాను, నేనే మెట్టెక్కి అరిచాను' అంది. కళ్లముందు అరవై ఎనిమిదో అప్లికేషన్ కనబడుతోంది.

"ఎవరికేం రాసిందో నోటితో చెప్పావా?"

"లేదండీ. చెప్పకుండానే అందరికీ తెలిసింది."

"తిట్టాలో మెచ్చుకోవాలో తెలియట్లేదు. ముందు తిడతా" అంది ఎంట్విసిల్. తిట్టింది. పేరడిగాకే పని చెప్పాలంది. 'సరిపోతారు' అని పళ్లికిలించకూడదంది. "అన్నిటికీ మించి, పక్క వీధిలో మనుషులు లేరా? పక్క వీధి నుంచి ఒకరిని పట్టుకొస్తే అయిపోయేదిగా?"

"పక్క వీధి" అంది కీలీ నీరసంగా. ఆ ముక్క తట్టనే లేదు.

"ఇక రెండోది. నెలకిందట ఇదే కుర్చీలో కూర్చుని, ఎవరినైనా మరిచిపోయావా అని నేనే విన్నీని అడిగాను. లేదంది, రాసుకున్నాను. నువ్వు ఇవాళ పని చక్కగా చేసుంటే, ఒక్క కామా కూడా తప్పులేని వీలునామా తయారయ్యేది. అందులో బారీ ఉండేవాడు కాదు. ముప్పై ఏళ్లలో నాకు తట్టని ప్రశ్న ఏంటో తెలుసా? మంగళవారం నీ డబ్బా ఎవరు లాగుతారు అని. ఇకనుంచి అడుగుతా."

తలుపు తెరుచుకుని మోరీన్ తల లోపలికొచ్చింది. "డోరీన్, నాకూ ఒక వీలునామా రాయాలి. ఈ అమ్మాయే రావాలి."

"నాకూ" అంది వెనక నుంచి నార్మన్ గొంతు. "ఈ అమ్మాయి చచ్చినా గుట్టు విప్పదు. మేమెంత పీకినా విప్పలేదు."

ఎంట్విసిల్ కేకు డబ్బా మూత మీద పేర్లు రాసుకుంది. తొమ్మిది వచ్చాయి. రాసి, మూత సంచిలో పెట్టుకుని, కీలీ వైపు చూడకుండానే అంది: "హ్యూగో అప్లికేషన్ చదివి నేను ఏడ్చాను, అబద్ధమెందుకు? కానీ ఫలానా మనిషే కావాలని ఇన్నేళ్లలో ఒక్క క్లయింటూ అడగలేదు, నేనే కావాలని కూడా. శుక్రవారం దాకా ఎందుకు? సెప్టెంబరు నుంచి ట్రైనీగా వచ్చేయ్."

రెండు వందల యాభై మాటలు అడిగినప్పుడల్లా రాసి పారేసిన కీలీ ఈసారి ఒక్క మాటే అంది: "వస్తానండీ." అల్లం కేకు ముక్క తీసి నోట్లో పెట్టుకుంది.

నాలుగింటికి కొత్త వీలునామా టైపు చేయించి హ్యూగోతో పంపారు. వానలో, మంచి కోటుతో పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే కీలీ చెయ్యి పట్టుకుని ఊపాడు. "విన్నాను. నా సలహా నీ మీద వేసుకున్నావట కదా, మిసెస్ ఎంట్విసిల్ నమ్మలేదు. అంత తర్కం కీలీకి ఉండదు, ఇది నీ పనే అంది."

విన్నీ పెన్ను తీసుకుంటూ, "పిల్లా, ఆ నీలం టీ కుండ నీకు రాద్దామనుకుంటున్నా" అంది.

"రాయకండి!" కీలీ గావుకేక పెట్టింది. "నేను సాక్షిని!"

విన్నీ సంతకం పెట్టేటప్పుడు ఇద్దరు సాక్షులూ ఎదురుగా ఉండాలి. రెండో సాక్షి కావాలి. పక్క వీధికి పరుగెత్తనక్కర్లేదని ఎంట్విసిల్ హ్యూగోను కుర్చీలో కూర్చోబెట్టింది. అతను కాగితం చివరిదాకా చదివి, తన పేరెక్కడా లేదని రూఢి చేసుకుని, విన్నీ, కీలీ సంతకాలయ్యాక కలం తీశాడు.

తనకేమీ రాని వీలునామా కింద పెంబర్టన్ వంశంలో ఒకడు సంతకం చేయడం అదే మొదలు. అలవాటు లేని పని గనక, ఎక్కడ పెట్టాలో కీలీని అడిగి మరీ పెట్టాడు.