నోట్లో దూది పాట

మా వీధి పళ్ల డాక్టరు గారి క్లినిక్ పైగదిలో ఇటీవల ఒక పాట పుట్టిందనీ, పాటా పాడినవాడూ ఇద్దరూ క్షేమమనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. విన్నవారి క్షేమ సమాచారం ఇంకా అందవలసి ఉంది.

పాడినవాడు డాక్టరు గారి ఏకైక పుత్రుడు. ఈ రకం పాటను పోస్ట్ హార్డ్‌కోర్ అంటారట. పోస్టాఫీసుతో సంబంధం లేదు గానీ, చేరవలసిన చిరునామాకు చేరకపోవడంలో మాత్రం పోలిక ఉంది. ముందు గిటారు చినుకుల్లా మొదలవుతుంది. పోనీలే, మన కుర్రాడే కదా అనుకునేలోగా గిన్నెల అలమర కూలినట్టు డ్రమ్ములు మీద పడతాయి. అప్పుడు అబ్బాయి అరుస్తాడు. అరుపులో మాటలు కూడా ఉన్నాయి: "నోరు తెరవమంటావు, తెరిస్తే దూది కుక్కుతావు, నాన్నా, ఎప్పుడు వింటావు?"

భావం పంటికింద రాయంత స్పష్టం. డాక్టరు గారు రోగి నోట్లో దూది, అద్దం, తమ వేళ్లు పెట్టాకే కుశలప్రశ్నలు మొదలుపెడతారు. లోపలినుంచి "ఊఁ" అని ఏది వినబడినా సమ్మతిగా స్వీకరిస్తారు. ఇంట్లోనూ ఇదే విధానం అమలులో ఉంది. అబ్బాయి నోట్లో ముద్ద ఉండగా "డెంటల్ కాలేజీలో చేరతావుగా?" అన్నారు. ముద్ద "ఊఁ" అంది. సోమవారం చేరాలి.

పాట మొదటిసారి వినబడినప్పుడు కింద కూర్చున్న రోగులు "పైన కూడా పీకుతున్నారా అండీ?" అని విచారించి, తమ నొప్పి తగ్గిపోయిందని ప్రకటించి ఇళ్లకు వెళ్లిపోయారు. తర్వాత ఎవరో పాటను ఫోన్లో పట్టి ఊరంతా తిప్పారు. వెళ్లినవాళ్లు చుట్టాలను వెంటేసుకుని తిరిగొచ్చారు. సంగీత సభ అధ్యక్షులు "దూది అంటే దూది కాదు, మానవాళి మౌనానికి తెల్లని ప్రతీక" అని తేల్చారు. "నాన్నా అంటే?" అని ఎవరో అడిగితే, "విశ్వం" అన్నారు. పక్కింటి పిన్నిగారు "వీడు పాలకేడిస్తేనే మా కిటికీలు అదిరేవి, నేనప్పుడే అనుకున్నా" అన్నారు. ఒకరోజు కుర్చీలో రోగి నిజంగానే కేక పెడితే, బయటివాళ్లు తలలూపి "రెండో చరణం బాగా కుదిరింది" అనుకున్నారు.

ఆదివారం సంగీత సభ హాల్లో అబ్బాయికి సన్మానం జరిగింది. డాక్టరు గారు ప్రసంగించారు. "ఈ గొంతు వెనక ఏముంది? పళ్లున్నాయి. ఆ పళ్ల వెనక నేనున్నాను."

అబ్బాయి మైకు అందుకుని మెల్లగా అన్నాడు. "నాన్నా, నేను ఆ కాలేజీలో చేరను. నాకిష్టం లేదు."

సభ ఇబ్బందిగా కదిలింది. "ఇదేంట్రా, మామూలుగా మాట్లాడుతున్నాడు?" అని వెనకనుంచి ఒకాయన గొణిగాడు. "బాబూ, పాటలాగా అను."

అబ్బాయి అవే మాటలు గుండెలు పగిలేలా అరిచాడు. హాలు దద్దరిల్లింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది డాక్టరు గారే. కళ్లు తుడుచుకుంటూ వేదికెక్కి, కొడుకు నోట్లో పెద్ద కేకు ముక్క కుక్కారు.

"అయితే రేపు కాలేజీకి పొద్దున్నే బయల్దేరదాం, సరేనా?"

అబ్బాయి ఏదో అన్నాడు. కేకు "ఊఁ" అంది.

"మా వాడు బంగారం" అన్నారు డాక్టరు గారు.

మేమూ చప్పట్లు కొట్టాం. ఇంతకీ పాట మీకెలా ఉంది? మొహమాటపడకుండా చెప్పండి. నోరు బాగా తెరవండి. ఇంకాస్త. దూది సిద్ధంగా ఉంది.