గూడెం గోడౌన్‌లో మాయమైన చేతివలలు

"నేరం చేసి నా కళ్ళుగప్పేవాడు ఇంకా పుట్టలేదండీ. పుట్టినా పెరగడు. పెరిగినా పారిపోలేడు!"

తాడేపల్లిగూడెంలో చేపల చెరువుల సరుకు నింపిన గోడౌన్ నడిమధ్య నిలబడి అచ్యుతరావు ప్రకటించాడు. అతను గోడౌన్ షావుకారు వెంకటరత్నంగారి బావమరిది, తనకు తానే డిటెక్టివ్. ఇంతవరకూ ఛేదించిన కేసు ఒక్కటే, పక్కింటివాళ్ళ తప్పిపోయిన పిల్లి. అదీ ఆకలేసి తనంతట తనే ఇంటికొచ్చింది.

గోడౌన్ చూసుకునే స్టెల్లాకు నవ్వే ఓపిక లేదు. కంప్యూటర్ లెక్కలో చేతివలలు బోలెడున్నాయి. అరలో చూస్తే నాలుగైదు. తాళంచెవి ఉండేది ఆమె దగ్గరే. "సాయంత్రానికి సంగతి తేలకపోతే రేపట్నించి రావద్దమ్మా" అన్నారు షావుకారుగారు. మెత్తగా అన్నందుకే ఆమెకు మరీ గుచ్చుకుంది.

"భయపడకండి స్టెల్లాగారూ. దొంగకు వల పన్నుతాను."

"పోయినవి వలలే కదండీ. దేంతో పన్నుతారండీ?"

"అది వృత్తి రహస్యం!"

మధ్యాహ్నం అతను కొల్లేరు రైతు వేషంలో దిగాడు. తలపాగా, పంచె, చెవుల దాకా అతికించిన మీసం. కాళ్ళకు మాత్రం తళతళలాడే బూట్లు.

"రండి అచ్యుతరావుగారూ" అంది స్టెల్లా.

"నేను ఆయన కాదు. నాకో చెరువు కిట్ ఇవ్వండి."

చెరువు కిట్ అంటే కొత్తగా చేపలు పెంచేవాళ్ళకు కలిపి అమ్మే సరంజామా. బకెట్, నీటి పరీక్ష సీసా, చేతివల. ఎందుకొచ్చిన గొడవలే అని స్టెల్లా బిల్లు కొట్టబోయింది. ఇంతలో ఫ్యాన్ గాలికి మీసం ఊడి కీబోర్డు మీద పడింది.

"బొద్దింక!" అని కేకేసి, డిటెక్టివ్ తన మీసాన్నే లెక్కలేనన్ని దెబ్బలు కొట్టాడు. దెబ్బకో బిల్లు పడింది. తెరమీద కిట్ల సంఖ్య జరజరా దిగి సున్నా దగ్గర ఆగింది.

స్టెల్లా తల పట్టుకుంది. అంతలో ఆమె చూపు తెరలోని కింది వరసమీద పడింది. చేతివలల సంఖ్య చెక్కు చెదరలేదు!

"షావుకారుగారూ, ఒక్కసారి ఇటు రండీ! కిట్లన్నీ అమ్ముడైపోయాయంటోంది. కిట్‌కో వల తగ్గాలి కదండీ? ఒక్కటీ తగ్గలేదు!"

వెంకటరత్నంగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అంటే ఇన్నాళ్ళూ వలలు ఎత్తుకుపోయింది..."

"మనమేనండీ. కిట్లలో పెట్టి మనమే అమ్మేశాం. కంప్యూటర్‌కి కిట్ వేరు, వల వేరండీ."

ఆయన స్టెల్లా వైపు తిరిగారు. "తొందరపడి మాటన్నానమ్మా. మనసులో పెట్టుకోకు."

"చూశారా, నా దర్యాప్తు!" అన్నాడు అచ్యుతరావు, మీసం దులుపుకుంటూ.

తప్పుడు బిల్లులు రద్దుచేసి, స్టెల్లా వట్లూరులో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు పృథ్వీకి ఫోన్ చేసింది. అతను లెక్క మార్చాడు. కిట్ అమ్మితే లోపలి సరుకు కూడా తగ్గుతుంది. కిట్‌లోని ఏ సరుకు అన్నిటికంటే తక్కువుంటే, అది ఎన్నుంటే అన్ని కిట్లే ఉన్నట్టు తెర చూపిస్తుంది.

కొన్నాళ్ళకు అచ్యుతరావు మళ్ళీ వచ్చి తెరలోకి తొంగిచూశాడు. చెరువు కిట్లు సున్నా!

"దోపిడీ! తలుపులు మూయండి!"

"కాదండీ. వలలు అయిపోయాయి. వల లేందే కిట్ కట్టలేం కదండీ."

"అయితే దొంగ?"

"లేడండీ."

అతను నీరుగారిపోయి కుర్చీలో కూలబడ్డాడు. స్టెల్లాకు జాలేసింది.

"ఏవండీ, కొత్త వలల లారీ దెందులూరు దగ్గర ఆగిపోయిందటండీ. ఎందుకాగిందో మరి!"

మాట పూర్తికాకముందే బయట స్కూటర్ గర్జించింది. డ్రైవర్ టిఫిన్‌కి ఆగాడన్న సంగతి చెప్పాల్సిన అవసరం స్టెల్లాకు కనిపించలేదు.