డెల్ ప్రూయిట్ పద్నాలుగో నంబరు

మార్లో ఫాల్స్ ఊరి ఐస్ హాకీ జట్టు బీవర్స్‌కి యాభై ఏళ్లు నిండుతున్నాయి. లైబ్రరీలో పనిచేసే లోరెట్టా ఆ జట్టు చరిత్ర రాసింది. చిన్న లీగులో ఆడే జట్టే అయినా పుస్తకం నూట ఇరవై పేజీలైంది. మంగళవారం ఉదయానికి ఒక్క పనే మిగిలింది: 1974 నాటి ఫోటోలో చివర నిలబడ్డ, పద్నాలుగో నంబరు చొక్కా వేసుకున్న పొడుగాటి మనిషి ఎవరో కనుక్కుని ప్రెస్సుకి పంపడం.

జట్టు ఆడే ఐస్ రింకులో మంచు చదును చేసే బండి మొరాయిస్తోంది. దాన్ని నడిపే ఆర్విల్‌కి ఆ రొదలోనే చెవులు మందగించాయి.

"ఈయనెవరు, ఆర్విల్?" ఫోటో చూపించి అరిచింది లోరెట్టా.

బండి బాగుచెయ్యడానికి ఎవరొస్తారని అడిగిందనుకున్నాడతను. "డెల్ ప్రూయిట్! పక్కూరాయన!"

ఎందుకైనా మంచిదని ఆమె నాటి కెప్టెన్ ఎమిల్‌ని అడిగింది. గుర్తులేదంటే ముసలివాడైపోయాడంటారని ఎమిల్ భయం.

"డెల్లా? భలేదానివే! ఎడమవైపు నుంచి దూసుకొచ్చాడంటే ఆపే మొనగాడే లేడు!"

లోరెట్టా ఆ పేరు రాసి పుస్తకం ప్రెస్సుకి పంపేసింది. మర్నాటికి డెల్ ఆ ఏడాది పన్నెండు గోల్స్ కొట్టాడని మంగలి షాపులో తేలింది. గురువారానికి సెమీఫైనల్లో రెండు పళ్లు కూడా ఊడాయి. శుక్రవారం మేయర్ గారు, "అలాంటివాడి నంబరు చొక్కాని గౌరవంగా రింకు పైకప్పుకి వేలాడదీయకపోతే మనకే సిగ్గుచేటు," అన్నారు.

శనివారం ఆట మధ్యలో ఆ వేడుక పెట్టారు. రింకుకి రమ్మని ఫోను వెళ్లడంతో, బండి బాగుచెయ్యడానికే అనుకుని డెల్ పనిముట్ల పెట్టెతో దిగాడు. మంచు మీద తొలి అడుగుకే జారి పడ్డాడు.

"పాత మోకాలి దెబ్బ, పాపం!" అన్నాడు ఎమిల్.

మైకు చేతికిచ్చారు. "అయ్యా, నేను పుట్టి బుద్ధెరిగి స్కేట్లు కట్టలేదు. మెకానిక్కుని!"

"ఎంత నిగర్వి!" అంటూ జనమంతా లేచి చప్పట్లు కొట్టారు.

లోరెట్టాకి పొరపాటు అర్థమైంది. పుస్తకం పరువు పోతే పోయిందని మైకు వైపు నడిచింది. ఒక పొడుగాటి ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆ ఫోటోలో ఉన్నది నేనమ్మా. రే లిండ్‌క్విస్ట్."

"అయ్యో, క్షమించండి! ఇప్పుడే చెప్పేస్తాను..."

"చెప్పావంటే ఊరుకోను! ఆ ఏడాది ఫైనల్లో ఆఖరి నిమిషంలో మన గోల్లోకే కొట్టుకున్నది నేనే. బేకరీవాడు కూడా నాకు రొట్టె అమ్మనన్నాడు. ఊరే వదిలేశాను. నా పేరు మళ్లీ పుస్తకంలో ఎక్కిందేమోనని హడలిపోతూ వచ్చాను. ఇన్నేళ్లకి ఇవాళే కాస్త హాయిగా ఉంది. కదిలించకు తల్లీ."

లోరెట్టా ఆయన పక్కనే కూర్చుంది. పద్నాలుగో నంబరు చొక్కా మెల్లగా పైకి లేస్తుంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు రే.

రెండో ముద్రణ నాటికి డెల్ గోల్స్ పందొమ్మిదికి పెరిగాయి.