వీడ్కోలు నిషేధ కాలంలో నా రక్తపోటు

రక్తపోటు సొంత వ్యవహారం అనుకునే రోజులు పోయాయి. మా మిన్నెసోటాలో ఇప్పుడది పరిపాలనా వ్యవహారం. ఆసుపత్రి వారిచ్చిన యంత్రం పట్టీ చేతికి చుట్టి మీట నొక్కితే, అంకెలు వాటంతటవే గృహ రక్తపోటు పర్యవేక్షణ విభాగానికి వెళతాయి. నిబంధనల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాను. వీపు కుర్చీకి ఆనాలి. పాదాలు నేలకు ఆనాలి. ముందు అరగంట కాఫీ తాగరాదు, కొలిచేటప్పుడు మాట్లాడరాదు. (కాఫీ, మాటలు తీసేస్తే మా వీధిలో మిగిలేది మంచు ఒక్కటే.)

పక్కింటి ఆర్డిస్ ఇల్లు అమ్మేసి, అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోందని తెలిసినప్పటి నుంచి నా అంకెలు లేచాయి. విభాగాధికారి టాలెఫ్‌సన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆదివారం నూట డెబ్బై దాటింది. కొలిచే ముందు ఏం చేశారు?"

"మా చెల్లెల్ని సాగనంపానయ్యా."

"ఎంతసేపు?"

"ఎంతో సేపు కాదు. భోజనాలప్పుడు మొదలెట్టాం, చీకటి పడేలోపు కారెక్కేసింది."

ఆయనా ఈ ప్రాంతం వాడే, మా వీడ్కోళ్ళు ఎంత సాగుతాయో ఎరిగినవాడే. మోకాళ్ళు చరుచుకుని 'సరే మరి' అనడం, వంటింట్లో నిలబడడం, గుమ్మంలో నిలబడడం, మిగిలిన కూర డబ్బాలో సర్దివ్వడం, కారు అద్దం దించి మళ్ళీ మొదలెట్టడం: ఏ దశలో ఎంత పెరుగుతుందో లెక్క కట్టించి ఉత్తర్వు పంపాడు. రక్తపోటు అదుపులోకి వచ్చేదాకా నేనెవరికీ వీడ్కోలు చెప్పరాదు, ఎవరి నుంచీ స్వీకరించరాదు. ఉల్లంఘిస్తే మూడో మాత్ర. (రెండోదానికే నా పాదాలు రొట్టెల్లా పొంగాయి.)

సామాన్ల లారీని పంపేసి, ఆఖరి కాఫీకి వచ్చిన ఆర్డిస్ మోకాళ్ళు చరచబోయింది.

"ఆగవే!" అని ఉత్తర్వు చూపించాను.

కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "వెళ్ళొస్తానని చెప్పకూడదా?"

"చెబితే నాకు మూడో మాత్ర."

"చెప్పకుండా ఎలా పోతానే వెర్నా? నేనేమన్నా న్యూయార్కుదాన్నా?"

పోలేదు. (నిబంధనల ప్రకారం వేరే మార్గం లేదు.) మా సోఫా ఆమెదైంది. ఉప్పు డబ్బా దాచేసింది. రోజూ నన్ను చెరువు చుట్టూ తిప్పింది. కూతురు ఫోన్ చేస్తే, "ఆసుపత్రి ఉత్తర్వు తల్లీ, నా చేతుల్లో ఏముంది" అంది.

నా అంకెలు దిగాయి. అప్పుడు తట్టింది నాకు: అదుపులోకి వస్తే నిషేధం పోతుంది! దొంగతనంగా ఉప్పటి ఊరదోసకాయలు తిన్నాను. కొలిచేటప్పుడు కాలు మీద కాలు వేశాను.

"కాలు మీద కాలెందుకు వేశావే?" అంది ఆర్డిస్.

"చలి."

"దించు. నోరు ముయ్యి. ఊపిరి తీసుకో, దానికి నిషేధం లేదు."

నవ్వొచ్చింది. అంకెలు ఇంకా దిగాయి. ఊరదోసకాయలు కూడా నన్ను కాపాడలేకపోయాయి.

విభాగం నుంచి సందేశం: "అభినందనలు. రక్తపోటు అదుపులోకి వచ్చింది. ఉత్తర్వు రద్దు. యంత్రాన్ని వెంటనే పోస్టులో తిప్పి పంపండి. ఈ సందేశానికి జవాబివ్వవద్దు." (వీడ్కోలు చెప్పడం వారిని చూసి నేర్చుకోవాలి.)

నేను పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి ఆర్డిస్ కోటు తొడుక్కుని కూర్చుని ఉంది. రెండు మోకాళ్ళూ చరుచుకుంది. "సరే మరి."

ఏ దశా వదిలిపెట్టలేదు మేము. చివరికి కారు అద్దం దించింది.

"జింకలు అడ్డొస్తాయి, చూసి నడుపు," అన్నాను.

"అరిజోనా దాకానా?"

"అరిజోనా దాకా."

ఆ పూట నా రక్తపోటు ఎంతో విభాగానికి నివేదించలేకపోయాను. నిబంధన ప్రకారం యంత్రం అప్పటికే పోస్టులో ఉంది.