జీపెక్కిన గాజుల పాట

ముసలివాళ్లకు కావలసింది మందులు కాదు, మజ్జిగ కాదు, కాళ్లు నొక్కే మనిషి అసలే కాదు. సంస్కృతి! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మోత్కూరు అవతల ఉన్న వృద్ధుల సదనంలో నాలుగేళ్లుగా మంచం వేసుకుని, ఏడాదిగా ప్రతి గురువారం సంస్కృతిని కళ్లారా చూసి, చెవులారా విని, ఒకసారి కోలాటం కర్రతో మోకాలి మీద దెబ్బ తిని మరీ అంటున్నాను.

అంతకుముందు తాలూకా కచేరీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేశాను. ఆ కాలంలో నాకు సంస్కృతి సంగతి తెలియదు. అర్జీలు తెలుసు, వాటిని ఏ గూట్లో పెడితే మళ్లీ బయటికి రావో తెలుసు. అంత అజ్ఞానంలో బతికాను.

మా సదనం మంచి సదనం. ఇరవై రెండు మంచాలు, ఒక బావి, ఒక మేనేజరు. మేనేజరు రాజం గారు రూల్సు తెలిసిన మనిషి. స్వయంగా పలక మీద రంగుతో రాసి గోడకు తగిలించారు. నాలుగో రూలు: నా అన్నవాళ్లు ఎవరూ లేనివారినే సదనంలో చేర్చుకుంటారు. తొమ్మిదో రూలు: దగ్గరి బంధువు వెంట ఉంటే తప్ప సదనవాసులు ఊరు దాటరాదు.

ఈ రెండింటినీ కలిపి చదివినవాళ్లు మాలో నేను తప్ప ఎవరూ లేరు, ఎందుకంటే చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చదివి కూడా ఏమీ అనలేదు. కచేరీలో పనిచేసినవాడికి ఇందులో వింతేముంది?

ఇక సంస్కృతి. అది పోయిన ఏడాది, అంటే అరవై నాలుగులో, జీపులో వచ్చింది. తెచ్చినావిడ పేరు మంజులత గారు. నల్లగొండలో ఒక పెద్ద ఉద్యోగి భార్య, హైదరాబాదులో చదువుకున్న మనిషి, వయసు ముప్పై దాటదు. వృద్ధుల బతుకుల్లో ‘సాంస్కృతిక అన్వేషణ’ కరువైందని ఆమెకు ఎక్కడో తెలిసింది. తెలిసిన తర్వాత ఆమెకు నిద్ర పట్టలేదు. గురువారాలు మాకు నిద్ర లేకుండా పోవడం అట్లా మొదలైంది.

అన్వేషణ అంటే సామాన్యమా? మొదటి నెలలో ‘భారతదేశ దర్శనం’ పెట్టారు. ఒక్కొక్కరం ఒక్కొక్క రాష్ట్రం కావాలి. నేను కేరళ. నడుము వంగని పంజాబు ఒకాయన, పళ్లు లేని బెంగాల్ ఒకావిడ. వంటావిడను కూడా అస్సాం చేశారు గనుక ఆ రోజు మజ్జిగ లేదు. నిజానికి ఆ తర్వాత ఏ గురువారమూ లేదు. మజ్జిగ మళ్లీ శుక్రవారం దొరుకుతుంది, సంస్కృతి దొరుకుతుందా?

రెండో నెలలో హస్తకళలు. రంగు కాగితాల ముక్కలు ఒకదాని కింద ఒకటి దూర్చి చాప అల్లడం నేర్పడానికి ఒక టీచరమ్మను తెచ్చారు. నేర్చుకోవలసిన వాళ్లలో ఐలేశం ఉన్నాడు. ఐలేశానికి డెబ్భై ఏళ్లు. అందులో యాభై అయిదేళ్లు మగ్గం గుంటలో గడిచాయి. అతను నేసిన చీరలు కట్టుకుని పెళ్లి చేసుకున్నవాళ్లు ఇప్పుడు మనవరాళ్లకు పెళ్లి చేస్తున్నారు. పాపం, కాగితం చాపలో అతనికి నూటికి ముప్పై అయిదు మార్కులే వచ్చాయి. “పట్టుదల ఉంటే ఏ వయసులోనైనా నేత నేర్చుకోవచ్చు తాతా” అని టీచరమ్మ వెన్ను తట్టింది. ఐలేశం దండం పెట్టి, “నేర్సుకుంట బిడ్డా” అన్నాడు. ఇంత వినయం సంస్కృతి వల్ల కాక మరెలా వస్తుంది?

భారతదేశ దర్శనంలో కాశ్మీరు ఎవరో చెప్పలేదు కదూ. జన్నత్ బీ. మోత్కూరు చుట్టూ పాతిక ఊళ్లలో నలభై ఏళ్లు గాజులు అమ్మిన మనిషి. మణికట్టును ఒక్క చూపు చూసి సైజు చెప్పేది. ఇప్పుడు ఆ చూపే లేదు. రెండు కళ్లకూ మోతిబిందు, అంటే శుక్లాలు. ఆ రోజు ఆమె గోడవైపు తిరిగి నిలబడి, గోడకు నమస్కారం చేసింది. అతిథులు చప్పట్లు కొట్టారు. హిమాలయాలకు నమస్కరిస్తోందని అనుకున్నారట.

కన్ను తెరిచేది వెలుతురు కోసమని, మూసేది నిద్ర కోసమని మనలాంటివాళ్లం అనుకుంటాం. జన్నత్ బీకి రెండూ ఒకటే అయ్యాయి. బావి దగ్గరికి ఐలేశం భుజం పట్టుకుని వెళ్లేది. అన్నంలో రాయి వస్తే చేత్తో తడిమి తీసేది. ఒక రోజు గడప కనబడక పడి, ముంజేతి మీద చర్మం లేచిపోయింది.

వారానికోసారి వచ్చే కంపౌండరు లతీఫ్ ఆ గాయానికి కట్టు కడుతూ ఒక మాట చెప్పాడు. నల్లగొండలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెడుతున్నారు, హైదరాబాదు నుంచి డాక్టరు వస్తున్నాడు, ఉండేది మూడు రోజులే. “మోతిబిందు ముదిరింది అమ్మీ. మల్ల ఏడాది దాంక ఆగితె కండ్లు చేతికి రావు.”

జన్నత్ బీ ఐలేశాన్ని వెంటబెట్టుకుని రాజం గారి గదికి వెళ్లింది. నేనూ వెళ్లాను, అర్జీ రాయాల్సి వస్తే పనికొస్తానని.

“సార్, జర నల్లగొండకు తోలియ్యిండ్రి. గా డాక్టరు మల్ల ఇప్పట్ల రాడంట.”

“తోలుడు ఎవలతోని? నీకెవలున్నరు?” అన్నారు రాజం గారు.

“ఎవలు లేరు. గందుకే గదా ఈడికొచ్చిన?”

“మరి తొమ్మిదో రూలున్నది గద. గోడ మీద జూడు.”

“గోడే కనవడ్తలేదు సార్. రూలేడ జూడాలె?”

ఐలేశం కలగజేసుకున్నాడు. “వచ్చే గురువారం మంజులతమ్మ జీపు వాపసు పోతది గద. గా హార్మోనియం పేటి పక్కకు జరంత జాగా ఉంటది. కూసుంటది.”

రాజం గారు నొచ్చుకున్నారు. చెడ్డమనిషి కాడాయన, రూలు లేని చోట చాలా మంచివాడు. “గది కళాకారుల జీపు ఐలేశం. రోగుల జీపు గాదు. రేపు నన్ను పైనోళ్లు అడుగుతరు.”

బయటికి వచ్చాక జన్నత్ బీ ఏడవలేదు. అరుగు మీద కూర్చుని, “ఇగ ఫికర్ లేదు తమ్మీ. చూసినకాడికి చూసిన” అంది. ఐలేశం మాత్రం ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని తినకుండానే చేయి కడిగేసుకున్నాడు.

తర్వాతి గురువారం మంజులత గారు ఉత్సాహంగా దిగారు. నల్లగొండలో జిల్లా సాంస్కృతిక వారోత్సవం, మా సదనం నుంచి కళాకారులను ఎంపిక చేయాలి. జీపు తీసుకుపోతుంది, జీపు దింపుతుంది. ఏ రోజు? మరునాడే, సరిగ్గా ఆ క్యాంపు మొదలయ్యే రోజు!

“మన మట్టిలోంచి పుట్టిన పాట కావాలి. ఎవరైనా పాడగలరా?” అని ఆమె అడిగారు.

ఐలేశం లేచి నిలబడ్డాడు. “మా జన్నత్ బీ పాడుతదమ్మా.”

“నేనా?” జన్నత్ బీ అదిరిపడింది. “యా అల్లా! నేనేం పాడ్త?”

ఐలేశం ఆమె చెవి దగ్గరికి వంగాడు. పక్కనే ఉన్నాను గనుక విన్నాను. “నల్లగొండ దాంక పాడు అక్కా. ఆ తర్వాత ఊకో.”

జన్నత్ బీ లేచి నిలబడింది. పాటలు రాని మనిషి ఏం చేస్తుంది? తనకు వచ్చిందే చేసింది. చెవికి చేయి ఆనించి, నలభై ఏళ్లు వీధి వీధినా అరిచిన అరుపు అరిచింది.

“గాజులమ్మ గాజూలు... పచ్చ గాజులు, పగడాల గాజులు... చెయ్యి చాపితే చేతి నిండ గాజులు... అక్క రావె, చెల్లె రావె, బాలెంత రావె బయటికీ...”

ఆ గొంతు మధ్యలో ఒకచోట విరిగింది. మంజులత గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఎంత గొప్ప జానపదం! ఇది ఏ కాలం నాటిది తాతా?”

“శాన పాతదమ్మా,” అన్నాడు ఐలేశం. “నిజాం జమానకన్న ముందటిది.”

ఎంపిక అయిపోయింది. పాటకు తాళం వేయడానికి ఐలేశం, వేదిక మీద పరిచయం చేయడానికి నేను. కళాకారులకు తొమ్మిదో రూలు వర్తిస్తుందా అని రాజం గారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, రూలులో కళాకారుల ప్రస్తావన లేదని తేల్చారు. ముందు రోజు దాకా కదలడానికి వీల్లేని మనిషి, మరునాడు జీపు ముందు సీట్లో కూర్చుంది! మెళ్లో చామంతుల దండ కూడా!

నల్లగొండ ముప్పై మైళ్ల పైచిలుకు. దారి పొడవునా దుమ్ము. దిగగానే ఐలేశం, “అక్కకు నీళ్లు తాపిచ్చుకొస్త” అని చేయి పట్టుకుని తీసుకుపోయాడు. నేను అడ్డు చెప్పలేదు. కళాకారులకు దాహం ఎక్కువ.

మధ్యాహ్నం మైకులో పిలిచారు. “ఇప్పుడు జన్నత్ బీ గారి గాజుల పాట!” జన్నత్ బీ లేదు. అప్పుడు నేను నా బాధ్యత నెరవేర్చాను. మైకు పట్టుకుని సంస్కృతి గొప్పదనం మీద ప్రసంగం మొదలుపెట్టాను. ఎంతసేపు మాట్లాడానో నాకు తెలియదు. నేను ఊపిరి పీల్చినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. దిగిపొమ్మని కొట్టారని తర్వాత తెలిసింది.

దిగగానే మంజులత గారు నా ఎదురుగా నిలబడ్డారు. “ఎక్కడున్నారు వాళ్లు?” ముప్పై ఏళ్లు ఎందరు అడిగినా ఒక్క కాగితం జాడ చెప్పని వాణ్ణి, ఆమె ముందు అర నిమిషం కూడా ఆగలేకపోయాను.

క్యాంపు పక్క వీధిలో ఒక బడిలో పెట్టారు. మేం వెళ్లేసరికి వాళ్లిద్దరూ బల్ల ముందు నిలబడి ఉన్నారు. ఆపరేషన్ కాగితం మీద బంధువు సంతకం కావాలని రాసుకునే ఆయన అడుగుతున్నాడు.

“నేనున్న గద. మా అక్క,” అంటున్నాడు ఐలేశం.

“మీ ఇద్దరి తండ్రి పేరు చెప్పుండ్రి.”

“మల్లయ్య” అని ఐలేశం, “ఇమాం సాబ్” అని జన్నత్ బీ, ఒక్కసారే అన్నారు.

రాసే ఆయన కలం కింద పెట్టాడు.

“మీరు నన్ను మోసం చేశారు,” అన్నారు మంజులత గారు వెనక నుంచి. “అంత పెద్ద సభలో నా పరువు తీశారు. అడిగితే నేను తీసుకురానా?”

ఐలేశం తలవంచుకున్నాడు. “అడిగినమమ్మా. జీపు కళాకారులదన్నరు.”

జన్నత్ బీ గొంతు వినబడ్డ వైపు చేయి చాపింది. చేతికి మంజులత గారి మణికట్టు తగిలింది. వేళ్లతో ఒకసారి చుట్టూ తడిమింది. “రెండుంబావు బిడ్డా నీది. గీ గాజులు రెండున్నర. ఎవలిచ్చిండ్రో గాని, పని చేసేటప్పుడు జారి పడ్తయ్. జర పైలం.”

మంజులత గారు చేయి వెనక్కి తీసుకోలేదు. ఏడాదిగా మమ్మల్ని ఎన్నో అడిగిన మనిషి, ఆ రోజు కొత్త ప్రశ్న అడిగారు. “ఏ కన్ను ముందు చేస్తారట?”

“కుడిది,” అంది జన్నత్ బీ.

ఆమె కలం తీసుకుని సంతకం పెట్టారు. సంబంధం అన్నచోట ‘కళాకారిణి’ అని మొదలుపెట్టి, కొట్టేసి, ‘బిడ్డ’ అని రాశారు.

ఇప్పుడు చెప్పండి. సంస్కృతి లేకపోతే ఆ ముసలమ్మ నల్లగొండ చేరేదేనా? కళ్లు పోతున్నాయంటే కదలని చక్రం, పాట వస్తుందంటే కదిలింది. కనుక పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఊరూరా దవాఖానలు కట్టించి డబ్బు దండగ చేయకండి. హార్మోనియాలు పంచండి. పాడడం వచ్చిన రోగి ఎట్లాగో బతుకుతాడు. రానివాడు బతికి మాత్రం చేసేదేముంది?

జన్నత్ బీ కట్టు విప్పించుకుని, లావుపాటి అద్దాలతో తిరిగి వచ్చింది. వచ్చిన రోజే రాజం గారికి ఒక ధర్మసందేహం వచ్చింది. క్యాంపు కాగితం ప్రకారం ఈమెకు బిడ్డ ఉంది. బిడ్డ ఉన్నవాళ్లను నాలుగో రూలు ఉండనివ్వదు. ఆయన నిజంగానే బాధపడుతూ ఈ సంగతి మంజులత గారికి చెప్పారు. ఆమె రూల్సు పలకను గోడ నుంచి దించి, అటూ ఇటూ తిప్పి చూశారు. “రాత చాలా బాగుంది రాజం గారూ. హస్తకళల ప్రదర్శనలో పెడతాను” అని జీపులో వేసుకుపోయారు. పలక ఇంకా ప్రదర్శనలోనే ఉంది.

ఆ తర్వాతి గురువారం ఆమె జన్నత్ బీ పక్కన కూర్చుని, “ఆ రోజు సభలో వినలేకపోయాను. ఇప్పుడొకసారి పాడరా?” అని అడిగారు.

“గది పాట గాదు బిడ్డా, బేరం,” అంది జన్నత్ బీ, అద్దాలు సర్దుకుని ఆమె మొహాన్ని మొదటిసారి చూస్తూ. “గాజులు తెచ్చియ్యి. అమ్ముకుంట పాడ్త.”

మంజులత గారు నవ్వారు. తర్వాత నోట్‌బుక్ తెరిచి, వచ్చే నెల కార్యక్రమానికి పేర్లు రాయడం మొదలుపెట్టారు. మా సదనంలో అందరికన్నా పెద్దవాడు గాలయ్య మూలన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏ గురువారమూ నోరు విప్పని మనిషి. ఆమె అతని దగ్గరికి వెళ్లి గట్టిగా అడిగారు.

“గాలయ్య తాతా, మీకేం వచ్చు?”

గాలయ్య తల ఎత్తాడు.

“నాకా బిడ్డా? నాలుగడుగులేస్తె ఆయాసం వస్తది.”

మంజులత గారి కలం ఆగింది. ఇదివరకైతే ఆమె నవ్వి తర్వాతి మనిషి దగ్గరికి పోయేవారు. ఈసారి పోలేదు. కళాకారుల పట్టికలోనే, అతని పేరుకు ఎదురుగా, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు.

గాలయ్య — ఆయాసం.